ఆటలో అరటిపండు లేని పందెం

పరుగు పందేలలో గెలిచినవారి పట్టిక ఏ దేశంలో చూసినా దాదాపు ఒకటే కథ చెబుతుంది. ఇరవై దాటి ముప్పయి నిండని ఒక యువకుడు; మరుసటి యేడు మరొక యువకుడు; ఆ మరుసటి యేడు ఇంకొకడు. అమెరికా పశ్చిమ తీరంలో, శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరంగా, మిల్ వేలీ అనే చిన్న ఊరిలో ఏటా మొదలయ్యే డిప్సీ పందెం పట్టిక మాత్రం అలా ఉండదు. 1970లో దాని విజేత వయసు 60 ఏళ్ళు. 1973లో విజేత 10 ఏళ్ళ బాలిక. 2010లో 8 ఏళ్ళ పాప. ఆ తర్వాత రెండేళ్ళకే, 2012లో, 72 ఏళ్ళ హాన్స్ ష్మిడ్. 2013, 2014 సంవత్సరాలలో వరుసగా యాభయ్యో పడిలో ఉన్న డయానా ఫిట్జ్‌పాట్రిక్ అనే స్త్రీ. వీరెవరూ బాలల విభాగంలోనో వృద్ధుల విభాగంలోనో ఓదార్పు బహుమతి పుచ్చుకున్నవారు కారు. ఆయా దినాలలో పరిగెత్తిన ఆబాలవృద్ధులందరిలోనూ అందరికంటె ముందు గీత దాటినవారు.

ఇందులో కనికట్టేమీ లేదు. ఈ పందెంలో అందరూ ఒకే క్షణాన బయలుదేరరు, అంతే.

మన ఇళ్ళలో పిల్లలు ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాడు వచ్చి తానూ ఆడతానని మారాం చేస్తే ఏం చేస్తారో అందరికీ తెలుసు. వాణ్ణి 'ఆటలో అరటిపండు' చేస్తారు. వాడు పరిగెత్తవచ్చు, కేకలు వెయ్యవచ్చు, పట్టుబడినా దొంగ కాడు, గెలిచినా గెలుపు కాదు. వాడి సంతోషానికి లోటుండదు గాని వాడు లెక్కలో లేడు. పెద్దల క్రీడలలో సయితం పిల్లలకూ, ముసలివారికీ, చాలాకాలం వరకు స్త్రీలకూ దక్కిన స్థానం ఇంచుమించు ఇదే. డిప్సీ పందెం చేసిన పని ఏమిటంటే, అరటిపండు అనే హోదానే రద్దు చేసింది. ఆ పని తేలికగా జరగలేదు. పూర్తిగా జరిగిందని అందరూ ఒప్పుకోరు కూడా.

పద్ధతి చెప్పుకోవడానికి సరళమైనదే. పందెగాళ్ళను వయసునుబట్టీ, స్త్రీ పురుష భేదాన్నిబట్టీ జట్లుగా విభజిస్తారు. అందరికంటె చిన్నవారు, అందరికంటె పెద్దవారు మొదట బయలుదేరుతారు. నిమిషం గడిచాక మరొక జట్టు, మరి నిమిషానికి ఇంకొకటి. ఇలా వదులుతూ పోగా, ఇరవైల వయసులో ఉక్కు పిక్కలున్న యువకులు చిట్టచివర, మొదటి జట్టు వెళ్ళిపోయిన 25 నిమిషాలకు కదులుతారు. ఏ వెసులుబాటూ లేని ఈ కడపటి జట్టును ఆంగ్లంలో 'స్క్రాచ్' అంటారు. పూర్వం పందెం మొదలుపెట్టడానికి నేలపై గీసే గీతనుండి వచ్చిన మాట అది. ఒకసారి కాలు కదిపాక మరి లెక్కలూ తీసివేతలూ ఉండవు. 25 నిమిషాలు ముందు బయలుదేరిన బాలిక 73 నిమిషాలలో చేరిందనుకుందాం. స్క్రాచ్ యువకుడు 48 నిమిషాలలో చేరాడనుకుందాం. ఇద్దరూ ఒకే క్షణంలో గీత మీద ఉంటారు. ఆ క్షణంలో ఎవరి ఛాతీ ముందుంటే పందెం వారిది.

మలక్‌పేటలోనో గిండీలోనో గుర్రప్పందేలు చూసినవారికి ఈ ఊహ కొత్తది కాదు. అక్కడ మేలుజాతి గుర్రం మీద ఎక్కువ బరువు వేసి పరిగెత్తిస్తారు. దాన్ని హాండికాప్ అంటారు. ఇక్కడ సీసపు బరువులకు బదులు నిమిషాలు. అయితే గుర్రానికి వేసే బరువు అది అంతకుముందు గెలిచిన పందేలనుబట్టి నిర్ణయమవుతుంది. మనిషి మీద పడే నిమిషాలు అతడి జన్మదినాన్నిబట్టి నిర్ణయం కావడంలోనే ఈ పందెం ప్రత్యేకత ఉంది.

మొదటినుంచీ ఇలా లేదు. 1904లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్ సభ్యులు చార్లెస్ బోయస్, ఆల్ఫోన్స్ కోనీ అనే ఇద్దరు మిత్రులు పందెం వేసుకున్నారు. టామల్పయస్ కొండ దాటి అవతల సముద్రపు ఒడ్డున కొత్తగా వెలసిన డిప్సీ ఇన్ అనే వసతిగృహానికి ఎవరు ముందు చేరతారన్నది పందెం. అప్పటికి గోల్డెన్ గేట్ వంతెన లేదు; అది 1937లో గాని తెరవలేదు. నగరవాసులు పడవలో అఖాతం దాటి, రైలెక్కి మిల్ వేలీ చేరి, అక్కడినుంచి కాలినడకన కొండెక్కేవారు. ఆనాటి పందెంలో బోయస్ గెలిచాడు. చూసినవారికి అది ఎంత నచ్చిందంటే మరుసటి సంవత్సరమే, 1905 నవంబరు 19న, అందరికీ తెరిచిన పందెంగా దాన్ని నిర్వహించారు. జాన్ హాసర్డ్ అనే కుర్రవాడు మొదటి విజేత. నాటినుండి నేటివరకు ఆర్థికమాంద్యంలో రెండేళ్ళు (1932, 1933), యుద్ధకాలంలో నాలుగేళ్ళు (1942 నుంచి 1945 వరకు), కోవిడ్ మహమ్మారి వచ్చిన 2020లో ఒక యేడు తప్ప అది ఆగలేదు. అమెరికాలో అడవి బాటలమీద జరిగే పరుగు పందేలలో అతి పురాతనమైనదని దీనికి పేరు.

'డిప్సీ' అన్న మాట ఎలా పుట్టిందో కచ్చితంగా తేలలేదు. లోతు సముద్రం అనే అర్థమిచ్చే ఆంగ్లపదం నలిగి అలా అయిందని కొందరు, సముద్రంలో ఒక మునక అనే అర్థంలో పుట్టిందని కొందరు. పందెం నడిపిన మొదటి బృందం తమకు 'డిప్సీ ఇండియన్లు' అని పేరు పెట్టుకుంది. ఆ కొండ నిజంగా ఎవరిదో ఆ కోస్ట్ మివోక్ ఆదివాసులను అక్కడినుండి తరిమివేసి అప్పటికి అర్ధశతాబ్దం దాటింది. వేడుకకోసం పెట్టుకున్న పేరే గాని, నేటి పాఠకుడికి అది కాస్త చేదుగానే ధ్వనిస్తుంది.

తొలి దశాబ్దాలలో వెసులుబాటు నిమిషాలు ఒక్కొక్క మనిషికీ విడివిడిగా నిర్ణయించేవారు. ఇతడు పోయినసారి ఎంతలో చేరాడు, ఈ మధ్య ఎలా పరిగెత్తుతున్నాడు అని చూసి ఒక నిర్ణేత అంకె వేసేవాడు. ఇలాంటి ఏర్పాటులో తగవులు రాకుండా ఉంటాయా? మనిషి శక్తిని మరొక మనిషి అంచనా కట్టే చోట నైపుణ్యం ఎంత పనికివస్తుందో, నైపుణ్యాన్ని దాచుకోవడమూ అంతే పనికివస్తుంది. 1960ల నడుమ ఈ పద్ధతిని వదలి వయసును ప్రమాణంగా తీసుకున్నారు. వయసును దాచలేము. అది పక్షపాతం ఎరుగదు. శరీరశాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది: ముప్పయి దాటాక, వ్యాయామం చేయనివారిలో ఊపిరినీ గుండెనూ ఆశ్రయించిన దమ్ము పదేళ్ళకు ఇంచుమించు పదో వంతు చొప్పున తరుగుతూ వస్తుంది, సాధన మానని వారిలో ఆ తరుగుదల దాదాపు సగానికి తగ్గుతుంది. ఒక అంకెల పట్టికతో ఆ తరుగును పూడ్చవచ్చునన్నదే ఈ పందెం వెనుక ఉన్న ధైర్యం.

ఇక దారి సంగతి. పొడవు 7 మైళ్ళ పైచిలుకు, అంటే సుమారు 12 కిలోమీటర్లు. చదునైన నేలమీద దీనినెవరూ దూరమనుకోరు. కాని మొత్తంమీద ఎక్కవలసిన ఎత్తు 2,200 అడుగుల దాకా ఉంటుంది. ఎక్కినదంతా దిగనూ వలె. ఊరి నడిబొడ్డున పాత రైలు స్టేషను ముంగిట బయలుదేరి వీధుల వెంట కొంతదూరం పోగానే మెట్లు ఎదురవుతాయి. మూడు వరుసలుగా సుమారు 700 మెట్లు. అలిపిరినుంచి తిరుమలకు నడిచి వెళ్ళినవారు ఎక్కే 3,550 మెట్లలో ఇది అయిదో వంతే కదా అని తీసివేయవచ్చు. అయితే గోవిందా అని ఆగి, చెట్టునీడన కూర్చుని, మజ్జిగ తాగి ఎక్కే మెట్లు వేరు. వెనుకనుంచి నాలుగువందలమంది తరుముకు వస్తూండగా ఎక్కే మెట్లు వేరు. ఆ మెట్లు కొండవాలున కట్టుకున్న ఇళ్ళ మధ్య సందుల్లోంచి పోతాయి. పందెం నాటి ఉదయం ఇంటివారు గుమ్మాలలో నిలబడి, ఎరిగినవారిని పేరుపెట్టి పిలిచి హుషారు చేస్తారు. మెట్లు బాగుచేయించినప్పుడు విరాళమిచ్చినవారి పేర్లు కొన్ని మెట్లమీద పలకలుగా అమర్చారు. మన కొండగుళ్ళ మెట్లమీద దాతల పేర్లు చదువుకుంటూ ఎక్కిన తెలుగువారికి అదేమీ వింతగా తోచదు.

మెట్లు ముగిశాక గాలికనుమ. అది దాటితే దిగుడు. ఈ దారిలో స్థలాలకు పరుగువారు పెట్టిన పేర్లు అనువదిస్తే ఒక భయానక కావ్యంలోని సర్గల పేర్లలా ఉంటాయి. మ్యూర్ వుడ్స్ అడవిలోకి నిటారుగా దిగే చోటు 'ఆత్మహత్య'. వాగు దాటగానే మళ్ళీ నిటారుగా ఎక్కేది 'డైనమైట్'. ఆపైన చెట్టూ చేమా లేక ఎండకు బట్టబయలుగా ఉండే గట్టు 'పందివీపు'. శిఖరం 'కార్డియాక్', అనగా గుండెకు సంబంధించినది. అక్కడికి చేరినవారు తమకొక గుండె ఉన్నదని ఎందుకు గుర్తుచేసుకుంటారో వివరించనక్కరలేదు. అక్కడినుండి ఎదుట పసిఫిక్ మహాసముద్రం కనబడుతుంది, ఇక అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. మెట్లూ వేళ్ళూ కలగలిసిన లోయ దిగాక, ఒడ్డు చేతికందేంత దూరంలో ఉందనుకున్నప్పుడు, కాళ్ళలో సత్తువ ఏమీ మిగలని సమయాన మరొక చిన్న ఎత్తు వస్తుంది. దాని పేరు 'అవమానం'. పేరు పెట్టినవాడెవరో గాని మానవస్వభావం బాగా తెలిసినవాడు.

ఈ దారిలో ఎక్కడం ఊపిరి పని, దిగడం ధైర్యం పని. తడిసిన వేళ్ళు, జారే రాతిముక్కలు, ఆకు తగిలితే ఒళ్ళంతా దద్దురులెక్కే పాయిజన్ ఓక్ పొదలు, ఒక మనిషి మాత్రమే పట్టే సన్నని బాట. చిన్నపిల్లలు తేలికైన ఒంటితో మేకపిల్లల్లా దిగిపోతారు. ముసలివారు దారిలోని ప్రతి రాయినీ ఎరిగి ఉంటారు. ఆ ఎరుకకు ఇక్కడ విలువ ఎక్కువ. ఎందుకంటే ఈ పందెంలో చాలాకాలం వరకు ఫలానా దారినే పోవాలన్న నియమం లేదు. చేరడమే లెక్క. ఎక్కడ పొద చీల్చుకుపోతే పది సెకండ్లు కలిసివస్తుందో స్థానికులకు తెలిసేది. తండ్రులు కొడుకులకు చెప్పేవారు, స్నేహితులకు చెప్పేవారు కారు. తరువాత నేలకోత వల్ల కొన్ని అడ్డదారులను మూసివేశారు. కొన్ని మిగిలాయి. ఊరిపందెం ఊరివారి చేతిలో ఉండిపోవడానికి ఈ రహస్యాలూ ఒక కారణమే.

ఇంతవరకు బాగానే ఉంది. కాని 1905లో మొదలైన ఆటలోకి స్త్రీలు లెక్కకు రావడానికి 1971 దాకా పట్టింది. నిజానికి వారు 1918లోనే వచ్చారు. ఆ యేటినుంచి 1922 వరకు అయిదు సంవత్సరాలు స్త్రీలకోసం ప్రత్యేకంగా ఇదే దారిమీద పోటీ జరిగింది. దానిని పందెం అనలేదు, 'విహారం' అన్నారు. స్త్రీల దూరపు పరుగును క్రీడాధికారులు గుర్తించరు కాబట్టి నడక అనే ముసుగు వేయవలసి వచ్చింది. ముసుగు వెనుక వాళ్ళు పరిగెత్తారనడానికి 1922లో ఎమ్మా రైమన్ నమోదు చేసిన 1 గంట 12 నిమిషాల 6 సెకండ్ల కాలమే సాక్ష్యం. నడిచి ఆ కొండను అంతలో దాటడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ తర్వాత పోటీ ఆగిపోయింది. ఇలాంటి శ్రమ స్త్రీ శరీరానికి తగదన్న అభిప్రాయం ఆ రోజుల్లో ఎంత బలంగా ఉండేదో తెలియాలంటే ఒలింపిక్స్ చరిత్ర చూడవచ్చు: 1928లో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, కొందరు అలసి కూలబడ్డారన్న గగ్గోలుమీద దానిని తీసివేసి, 1960 దాకా తిరిగి పెట్టలేదు. అలసి కూలబడిన పురుషులను చూసి పురుషుల పందేలను ఎవరూ రద్దు చేయలేదన్నది వేరే విషయం.

1950ల నుంచి ఒకరిద్దరు స్త్రీలు డిప్సీలో అనధికారంగా, అంటే అచ్చంగా ఆటలో అరటిపండుగా పరిగెత్తుతూ వచ్చారు. 1971లో అధికారికంగా తలుపు తెరిచారు. రెండేళ్ళు తిరగకుండానే, 1973లో, మేరీ ఎట్టా బొయటానో అనే 10 ఏళ్ళ బాలిక అందరికంటె ముందు సముద్రతీరం చేరింది. అరవై ఎనిమిదేళ్ళ చరిత్రలో మొట్టమొదటి స్త్రీ విజేత ఒక పసిపిల్ల. స్త్రీలకు ఈ పరుగు తగదని వాదించిన పెద్దలలో అప్పటికి ఎవరైనా బ్రతికి ఉంటే, జవాబు చెప్పడానికి ఇరుకున పడి ఉంటారు.

వెసులుబాటు పొందిన గెలుపు నిజమైన గెలుపేనా? ఈ ప్రశ్న డిప్సీని వదలదు, వదలనక్కరలేదు కూడా. వేగం ఒక్కటే గెలుపయితే ఈ దారిమీద అందరికంటె గొప్పవాడు రాన్ ఎలిజా. 1974లో అతడు 44 నిమిషాల 49 సెకండ్లలో చేరాడు. అది ఈ దారిమీద రికార్డుగా నిలిచింది. ప్రతి యేటా అత్యల్పకాలంలో చేరినవారికి వేరుగా బహుమతి కూడా ఉంది. అయినా స్క్రాచ్ యువకుడు మొత్తం పందెం గెలవడం అరుదు. ఇరవై అయిదు నిమిషాలు నిలబడి, తనకంటె ముందు వందలాదిమంది వెళ్ళిపోవడం చూసి, తరువాత ఆ వందలాదిమందినీ ఒంటిమనిషి బాటమీద ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవాలి. అది వయసు పట్టికలో ఎక్కని కష్టం. ఆ యువకుల ఫిర్యాదు అన్యాయమైనది కాదు.

దానికి సమాధానంగా నార్మన్ బ్రైట్ అనే పరుగువాడి కథ చెప్పవచ్చు. 1937లో ఇతడు 27 ఏళ్ళ వయసులో 47 నిమిషాల 22 సెకండ్లలో చేరాడు. ఆ కాలాన్ని దశాబ్దాలపాటు ఎవరూ దాటలేకపోయారు. కాని ఆనాటి విజేత అతడు కాదు. వెసులుబాటుతో ముందు వెళ్ళిన మరొకరు. బ్రైట్ ఆ పందెం గెలిచినది ముప్పయి మూడేళ్ళ తర్వాత, 1970లో, 60 ఏళ్ళ వయసులో, ఈసారి తనకు వచ్చిన వెసులుబాటుతో. మొదటి పట్టికలో ఎవరికో లాభించినది రెండో పట్టికలో అతడికి లాభించింది. యువకుడికి ఈ పందెం బాకీ పడుతుంది; బ్రతికి, పరుగు మానకుండా ఉంటే తీరుస్తుంది. ఆ షరతు చిన్నదేమీ కాదు.

షరతును అందరికంటె పొడుగ్గా నిలబెట్టుకున్నవాడు జాక్ కిర్క్. 1906లో పుట్టాడు. 1930లో మొదటిసారి డిప్సీ పరిగెత్తాడు. 2002 దాకా, పందెం జరిగిన ఏ సంవత్సరమూ తప్పలేదు. మొత్తం 67 సార్లు. 1951లో గెలిచాడు, పదహారేళ్ళ తర్వాత, 1967లో, 60 ఏళ్ళవాడై మళ్ళీ గెలిచాడు. అడవిప్రాంతంలో ఒంటరిగా, కొత్తకాలపు సదుపాయాలను పట్టించుకోకుండా బ్రతికే మనిషి. పాత ఫోక్స్‌వ్యాగన్ కారులో వచ్చి, అందులోనే నిద్రపోయి, ఉదయం లేచి పరిగెత్తేవాడని చెప్పుకుంటారు. 'డిప్సీ భూతం' అని ముద్దుపేరు. 2002లో అతడు చివరిసారి పూర్తిచేసినప్పుడు వయసు 95. ఆ వయసువారికి మొదటి జట్టుతో బయలుదేరినా 25 నిమిషాలు ఏ మూలకూ సరిపోవు. పట్టిక తయారుచేసినవారు అలాంటి మనిషిని ఊహించలేదు. 2003లో, 96 ఏళ్ళ వయసులో, మళ్ళీ వచ్చాడు. మెట్లు ఎక్కాడు, అడవి దాటాడు, కార్డియాక్ శిఖరం దాకా చేరాడు. అక్కడ ఆగిపోయాడు. 2007 జనవరిలో, నూరేళ్ళు నిండిన తర్వాత మరణించాడు.

ఇలాంటి పందేనికి రావాలనుకునేవారు ఎక్కువ. కాని బాట పెరగదు. దారిలో ఉన్న మ్యూర్ వుడ్స్ ఏదో పేరులేని అడవి కాదు. విలియం కెంట్, ఆయన భార్య ఎలిజబెత్ దానమిచ్చిన 295 ఎకరాలలో, గొడ్డలి తగలని రెడ్‌వుడ్ వృక్షాలు 250 అడుగులు దాటి నిలబడి ఉన్నాయి; 1908లోనే దానిని జాతీయ స్మారకవనంగా ప్రకటించారు. పందెగాళ్ళు దాటే రెడ్‌వుడ్ వాగులో అంతరించిపోతున్న కోహో సామన్ చేపలు గుడ్లు పెడతాయి. మిగతా దారిలో కొంత రాష్ట్ర ఉద్యానవనం, కొంత ఊరి వీధి. ఇన్ని యాజమాన్యాల అనుమతులు తెచ్చుకుని, మలుపుమలుపుకూ స్వచ్ఛంద సేవకులను నిలిపి, కాలు మడతపడినవారినీ సొమ్మసిల్లినవారినీ అడవిలోంచి మోసుకురాగల బృందాలను సిద్ధం చేసి, ఊరివారే దీన్ని నడుపుతారు. అందుచేత సంఖ్యకు హద్దు: సుమారు 1,500. తొక్కిసలాట జరగకుండా ఆ బాట మోయగలిగినది అంతే. సొమ్ము పెంచుకోవాలని చూసే నిర్వాహకులు మరొకచోట వెడల్పు రోడ్డు వెతుక్కునేవారు. వీరు ఆ పని చేయలేదు.

ఆ పదిహేను వందలలో చోటు దొరకబుచ్చుకోవడం మరొక పందెం. చాలా యేళ్ళపాటు దరఖాస్తులు తపాలాలోనే తీసుకునేవారు. ముందు అందినవి కొన్ని, చీటీలు తీసి కొన్ని. ఇంకా రెండు దారులున్నాయి. అవి చదివితే నవ్వొస్తుంది. ఒకటి వేలంపాట: నాకు చోటిస్తే ఇంత ఎక్కువ ఇస్తానని రాయవచ్చు. రెండవది విన్నపం: నాకెందుకు చోటివ్వాలో గుండె కరిగేట్లు రాయవచ్చు. లంచాన్నీ కన్నీటినీ రెంటినీ బాహాటంగా నిబంధనలలో చేర్చి, రెంటికీ విడివిడిగా కోటా పెట్టిన సంస్థ లోకంలో మరొకటి ఉన్నదో లేదో. దాచిపెట్టి చేసేవారికంటె వీరు నయమనుకోవాలి. పోయిన యేడు ముందు వరసలో చేరిన 450 మందికి మాత్రం ఈ బాధ లేదు; వారికి మరుసటి సంవత్సరం పిలుపు తనంత తానుగా వస్తుంది. అందుచేత 440వ స్థానానికీ 460వ స్థానానికీ మధ్య, కీర్తి ఏమాత్రం లేని ఆ చోట, ఆఖరి వంద గజాలలో జరిగే పోరాటం కొన్నిసార్లు మొదటి స్థానం కోసం జరిగేదానికంటె తీవ్రంగా ఉంటుంది. మొదటి 35 మందికి నల్ల చొక్కా. బజారులో దొరకదు. ఊరిలో ఎవరైనా దానిని తొడుక్కుని కూరగాయలకు వెళితే నలుగురూ తిరిగి చూస్తారు.

వెసులుబాటు పట్టిక శాశ్వతమైనది కాదు. ఫలానా వయసువారే మాటిమాటికీ గెలుస్తున్నారంటే వారి అంకెలను సవరించాలన్న వాదం లేస్తుంది. కమిటీ కూర్చుని, పాత ఫలితాలు చూసి, నిమిషాలు అటూ ఇటూ జరుపుతుంది. సాల్ వాస్క్వెజ్ అనే పరుగువాడు 1982 నుంచి 1997 వరకు ఏడుసార్లు గెలిచాడు. పట్టిక అతడి వయసుకు అనుకూలంగా ఉన్నదా, లేక అతడే పట్టికను మించినవాడా అన్న చర్చ తెగేది కాదు. ఇలాంటివారికోసం మరొక నియమం కూడా ఉంది. గెలిచినవారికి ఆ తరువాతి పందేలలో, వయసునుబట్టి వచ్చిన వెసులుబాటులో కోత పడుతుంది. విజేత 8 ఏళ్ళ పాప అయినా, 72 ఏళ్ళ తాత అయినా కోత కోతే. జూన్ నెల రెండవ ఆదివారం ఉదయం మొదటి జట్టు కదులుతున్నప్పుడు, వారు మాత్రం ఇంకా నిలబడి ఉంటారు.